దానమ్మక్క మచ్చలు

ఆ ఎండాకాలం నా బిడ్డను నేను కిటికీ బయట నిలబడి చూసుకున్నాను. లోపల దానమ్మక్క ఉండేది.

అది తొంభయ్యో సంవత్సరం. ఈస్టరు ఇంకా నెల రోజులుందనగా మొదలైంది. నాచారం పాత ఊరి అంచున, ఒకే వాకిట్లో ఎదురెదురుగా రెండు రేకుల గదులు మావి. ఒక గదిలో నేను, నా భర్త ఆశీర్వాదం, నాలుగేళ్ల రూతు. ఎదుటి గదిలో మా బావ అబ్బయ్య, ఆయన భార్య దానమ్మక్క. బావకు పారిశ్రామికవాడలో వాచ్‌మన్ డ్యూటీ. వాళ్లకు పిల్లలు లేరు. నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని.

ఆ రోజు పొద్దున బోరింగు దగ్గర రూతుకు నీళ్లు పోస్తున్నాను. వీపు తోముతున్నది నేను, చెయ్యి నాది, కళ్లు నావి. కానీ దాన్ని ముందు చూసింది మాత్రం బిందె పట్టుకుని వచ్చిన దానమ్మక్క.

"ఆగు విట్టోరీ, ఆగు. పోరి ఈపు సూడు."

"చెమటకాయలక్కా."

"చెమటకాయల్ల నీళ్లుంటయానే? జర మంచిగ సూడు. ఇది ఆటలమ్మ."

వంగి చూశాను. మినపగింజంత పొక్కులు, లోపల మెరిసే నీళ్లు. నాకు భయం కంటే ముందు కలిగింది మరొకటి. నా బిడ్డ ఒంటి మీదిది ఈమెకు ముందు కనబడింది, నాకు కాదు. బహుశా అంతా అక్కడే మొదలైంది. భయం కొద్దిసేపటి తర్వాత వచ్చింది.

ఉప్పల్‌లో డాక్టర్ శ్యామలాదేవి దవాఖానాకు తీసుకుపోయాం. ఆమె రూతును చూసిన దానికంటే ఎక్కువ సేపు నా పొట్ట వైపు చూసింది.

"ఎన్నో నెల?"

"నాలుగు, మేడం."

"చిన్నప్పుడు నీకు ఆటలమ్మ వచ్చిందా?"

"రాలేదు."

"రాలేదా, తెలియదా?"

"రాలేదు మేడం. మా అమ్మ ఎప్పుడూ చెప్పలే."

ఆమె కలం కింద పెట్టింది. "ఇది వైరస్ అమ్మా. గాలితో అంటుకుంటుంది, పొక్కుల నీళ్లతో అంటుకుంటుంది. ఒకసారి వచ్చిన వాళ్లకు మళ్లీ రావడం అరుదు. రాని వాళ్లకు మాత్రం చాలా సులువుగా వస్తుంది. ఈ నెలల్లో నీకు వస్తే లోపలి బిడ్డ కళ్లకో, కాళ్లకో దెబ్బ తగలొచ్చు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా నువ్వు పాపను ముట్టొద్దు. ఒక గదిలో ఉండొద్దు. ఇంట్లో ఇదివరకు వచ్చిపోయిన వాళ్లెవరైనా ఉన్నారా?"

ఆశీర్వాదం నా మొహం చూశాడు. జవాబు నా నోటి నుంచే వచ్చింది.

"మా యారాలున్నది మేడం. మా బావ భార్య. ఆమెకు చిన్నప్పుడే వచ్చిపోయింది. ముఖం నిండా మచ్చలే."

దానమ్మక్క ముఖం గుంటలు గుంటలుగా ఉండేది, వాన వెలిశాక ఇసుకలా. పెళ్లయిన కొత్తలో ఆ ముఖం పక్కన నిలబడితే నాకు నా ముఖం మీద ఒక ధీమా కలిగేది. ఆ ధీమా ఆ రోజు ఉప్పల్ దవాఖానా బల్ల ముందు తిరగబడింది. ఆ మచ్చలు ఉన్నందుకు ఆమె లోపలికి పోవచ్చు. నున్నటి చెంపలున్నందుకు నేను పోకూడదు.

రూతును ఎదుటి గదిలోకి మార్చారు. అబ్బయ్య బావ తన మంచం కంపెనీ గేటు దగ్గరి గదికి తీసుకుపోయాడు. దానమ్మక్క వేపకొమ్మలు విరిచి తెచ్చి తలుపుకు కట్టబోతే ఆశీర్వాదం అడ్డం పడ్డాడు.

"వదినా, సంఘపోళ్లు జూస్తే ఏమంటరు? మనం గివన్ని ఇడిచిపెట్టినోళ్లం గదా."

"తల్లికి కట్టుడు గాదయ్యా. ఇంట్ల రోగమున్నదని నలుగురికి ఎర్కగావద్దా? ఎవ్వరు పడితె వాళ్లు జొరబడతరు."

"నేను జెప్తా గద అందరికి."

"సరే తియ్. మరి పోరికి దుర్ద పెడితె నీ బైబిలు తెచ్చి గోకుదువా?"

ఆశీర్వాదానికి నవ్వొచ్చింది. కొమ్మలు తలుపు మీదికి కాకుండా గదిలోకి పోయాయి.

ఎదుటి గదికి వాకిలి వైపు ఒక చిన్న కిటికీ ఉండేది. కాస్త ఎత్తు. గోడ పక్కన ఒక ఇటుక వేసుకుని, దాని మీద నిలబడితే లోపల చాప, చాప మీద రూతు, పక్కన దానమ్మక్క కనిపించేవాళ్లు. దానమ్మక్క వేపరెమ్మతో దాని చేతుల మీద, కాళ్ల మీద నిమిరేది. గోళ్లు తగలకుండా, ఆకులు మాత్రమే తగిలేటట్టు. నిమురుతూ ఏదో పాడేది. మాటలు సగం ప్రార్థన పాట, సగం ఆమె సొంతం.

మొదట్లో రూతు నన్ను చూసి ఏడ్చేది. చేతులు చాపేది. నేను ఇటుక మీద నుంచి దిగిపోయి గోడకు ఒరిగి ఏడ్చేదాన్ని. ఆ రోజులు కష్టంగా ఉన్నా తేలికగానే ఉండేవని తర్వాత అర్థమైంది. ఎందుకంటే కొన్నాళ్లకు అది ఏడవడం మానేసింది.

"రూతూ, ఏం తిన్నవ్ బిడ్డా?"

"జావ. పెద్దమ్మ బెల్లం ఏసింది."

"నేను పంపిన అన్నం?"

"కుక్కకు ఏసినం."

దానమ్మక్క లోపల నుంచే అందుకుంది. "కారం తగులుతున్నది విట్టోరీ. పోరి నోట్ల గూడ పొక్కులైనయ్. రేపు ఉప్పు, కారం లేకుంట పంపు."

ఆమె చెప్పింది నిజమే. అది నిజం కావడమే నాకు మింగుడు పడలేదు. తప్పు చేసిన మనిషి మీద కోపం తెచ్చుకోవచ్చు. సరిగ్గా చేస్తున్న మనిషి మీద వచ్చే కోపాన్ని ఎక్కడ పెట్టాలి?

కంపెనీలో నా చేతుల మీదుగా రోజంతా ఆంపిసిలిన్ గోలీలు పోయేవి, ఎరుపు నలుపు రంగులవి. ఇన్ని మందుల మధ్య కూర్చుని నా బిడ్డకు మందు లేదనుకోవడం నాకు వింతగా ఉండేది. ల్యాబ్‌లో ఉమాపతి సారు ఉండేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకునే ఆయన దగ్గరికి పోయి అడిగాను.

"సార్, ఈ గోలీ ఇస్తే ఆటలమ్మ తగ్గదా?"

ఆయన గాజుపళ్లెం ఒకటి తీసి చూపించాడు. దాని మీద పసుపుపచ్చని చుక్కలు, మజ్జిగ చిందినట్టు.

"ఇవి బ్యాక్టీరియా. టైఫాయిడు, చీము గడ్డలు వీటి జాతివే. వీటికి సొంత ఇల్లుంటది, సొంత గోడ ఉంటది. తింటయి, పెరుగుతయి. మన గోలీ ఆ గోడను పగలగొడతది, అవి చస్తయి. మీ ప్యాకింగ్‌ల ఒకామెకు చేతికి తామర ఉన్నది చూడు, అది ఇంకో జాతి. బూజు. దానికి పూత మందు. నీ బిడ్డకు వచ్చింది వైరస్. దానికి సొంత ఇల్లే లేదమ్మా. మన ఇంట్ల జొరబడతది. మన పొయ్యి మీదనే వండుకుంటది, మన చేతనే తన పిల్లలను పుట్టించుకుంటది. దాన్ని కొట్టాలంటే మన గోడనే పగలగొట్టాలె. అందుకే మందు లేదు. మన ఒళ్లే దాన్ని గుర్తుపట్టి ఎల్లగొట్టాలె."

ఆయన వైరస్ గురించే చెప్పాడు. నాకు మాత్రం వేరే మనిషి కనబడింది. సొంత ఇంట్లో ఊయల కట్టని మనిషి, నా ఇంటి పిల్లను ఒళ్లో పెట్టుకుని బెల్లం జావ తాగిస్తున్న మనిషి. ఆ పోలిక వచ్చాక నా చేతులు గోలీలు పేరుస్తూనే ఉన్నాయి, మనసు మాత్రం ఆ పోలికను పట్టుకుని వదల్లేదు. రుచిగా అనిపించింది. అంతకంటే ఆ రుచి గురించి చెప్పడానికి లేదు.

తర్వాత రూతు చెవి కింద ఒక పొక్కు ఎర్రగా వాచి చీము పట్టింది. పగటిపూట దానమ్మక్కకు కాస్త కునుకు పట్టినప్పుడు అది గోకేసింది.

"ఏం జేస్తున్నవక్కా నువ్వు? గింత గనం గోక్కునేదాకా నిద్రవోయినవా?" వాకిలి నలుమూలలా వినబడేలా అరిచాను. అరుస్తుంటే కడుపులో చల్లగా ఏదో దిగినట్టయింది. బిడ్డ చెవి కింద చీము. నాకు లోపల చల్లదనం. రెండూ ఒకే నిమిషంలో.

దానమ్మక్క కిటికీ దగ్గరికి వచ్చింది. కళ్ల కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి. "నిజమే విట్టోరీ. కన్నంటుకున్నది," అంది.

డాక్టరమ్మ ఈసారి మందు రాసింది. చర్మం తెగిన చోట బ్యాక్టీరియా చేరిందని, దానికి మందు పనిచేస్తుందని చెప్పింది. ఆ తియ్యటి మందు సీసా నేనే పరుగున పోయి తెచ్చాను. ఆ ఒక్క పొక్కు విషయంలో నా వైపు మందు ఉంది. కానీ సీసాను కిటికీ చువ్వల మధ్య నుంచి అందిస్తే దాన్ని చెంచాలో పోసి తాగించింది ఆమె. రూతు మూతి ముడిచి, తర్వాత పెదాలు నాకి, ఆమెను చూసి నవ్వింది.

పొక్కులు ఎండాయి. చెక్కులు రాలాయి. వేపాకు, పసుపు వేసి కాచిన నీళ్లతో దానమ్మక్క స్నానం చేయించి, తల తుడిచి, నా చేతికి ఇచ్చింది. నా గుండెకు హత్తుకున్నాను. చిక్కిపోయింది. వేప వాసన వేస్తోంది. ఆమె వాసన.

ఆ మధ్యాహ్నం పక్కన పడుకోబెట్టుకుని వీపు నిమిరాను. రూతు నా చెయ్యి తోసేసింది.

"గట్ల గాదమ్మా. పెద్దమ్మ లెక్క."

"పెద్దమ్మ ఎట్ల జేస్తది?"

"నీకు రాదు తియ్."

మర్నాటి నుంచి దాన్ని ఎదుటి గదికి పోనివ్వలేదు. ఏదో ఒక పని చెప్పేదాన్ని, ఏదో ఒక తాయిలం పెట్టేదాన్ని. దానమ్మక్కకు అర్థమైంది. బోరింగు దగ్గర బిందె నిండి పొర్లిపోతున్నా మా గుమ్మం వైపు చూస్తూ నిలబడేది. నేను తలుపు సగం మూసేదాన్ని.

మట్టల ఆదివారం ముందు మా అమ్మ మార్తమ్మ జనగామ దగ్గరి మా ఊరి నుంచి వచ్చింది. ఈస్టరు దాకా ఉంటానంది. ఆమె వచ్చిన మర్నాడే అబ్బయ్య బావ వాకిట్లోకి రొప్పుతూ వచ్చాడు.

"దానమ్మకు ఆటలమ్మ పోసిందిరా తమ్ముడా."

"ఆమెకు వచ్చిపోయింది గద బావా?" అన్నాను.

"అదే జెప్పిన నేను మేడంకు. మేడం దాని మొఖం దగ్గరికి తీసుకొని సూసింది. ఇవి ఆటలమ్మ మచ్చలు గావు, గింత లోతుగ ఉండవు, ఇవి మశూచియన్నది. అది వేరే పురుగట. దాన్ని దేశంల నుంచే ఎల్లగొట్టిన్రట. అదొచ్చినోళ్లకు ఇది రావద్దని ఏం లేదట." బావ గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "పెద్దోళ్లకొస్తే ఊపిరితిత్తులకు దిగుతదట. దగ్గు మొదలైంది. ఆయాసమెక్కువైతే పెద్ద దవాఖానాకు తేవాలె, పక్కనొకరు కనిపెట్టుకొని ఉండాలె అన్నది. నాకు రాలే, తమ్మునికి రాలే. ఎవరున్నరు?"

ఎవరూ నా వైపు ఎక్కువసేపు చూడలేదు. చూసి, నా పొట్ట చూసి, చూపు తిప్పుకున్నారు. నేను రూతును దగ్గరికి లాక్కున్నాను. ఆమె ఏ రక్షణా లేకుండానే నా బిడ్డ పక్కన పడుకుందన్న సంగతి నా బుర్రకు తెలిసింది, కానీ అక్కడే ఆగిపోయింది, కిందికి దిగలేదు. కింద వేరే మాట ఉంది. నాకు ఒక అడ్డం ఉంది. మంచి అడ్డం. నన్ను ఎవరూ పొమ్మనరు.

మా అమ్మ ఆ సాయంత్రం బియ్యం చెరుగుతూ, చేట చప్పుడు చాటున మెల్లగా అంది.

"బిడ్డా, నీకు రాదది."

"ఏంది?"

"నీకెప్పుడో పోసింది. పాలు తాగే పిల్లవప్పుడు. మీ నాయిన ఊళ్ల ప్రార్థన నడిపేటోడాయె. అప్పుడు కూటాలకని పోయిండు. నాకు భయమై తలుపుకు వేపమండ కట్టిన, పోశమ్మకు బెల్లం నీళ్ల సాక వోసిన. ఆయనొచ్చేటాలకు నువ్వు నిమ్మళమైనవ్. సాక వోసిన్నని తెలిస్తే ఆయన పరువేం గావాలె? రోగం సంగతి జెప్తే సాక సంగతి బయటపడ్తది. రెండు మింగిన." చేట పక్కన పెట్టి నా జుట్టులోకి వేలు పోనిచ్చింది. ఎడమ చెవి పైన, వెంట్రుకల మధ్య, చిన్న నున్నటి గుంట. "గిదే మచ్చ."

అంటే ఆ రోజులన్నీ నేను లోపల ఉండొచ్చు. ఆ చాప మీద, ఆ వేపరెమ్మ పట్టుకుని. నా బిడ్డను నాకు దూరం చేసింది క్రిమి కాదు, మా అమ్మ దాచిన చెంబెడు బెల్లం నీళ్లు. నేను అరుస్తాననుకుంది మా అమ్మ. మెల్లగానే అడిగాను.

"ఇప్పుడెందుకు జెప్తున్నవే?"

"నీకెక్కడ అంటుకుంటదోనని పొద్దటి నుంచి వణుకుతున్నవ్. అందుకు జెప్పిన. నువ్వు బోవాలని గాదు." నా కళ్లలోకి చూసింది. "నాకూ నీకే తెల్సు. తెల్వనట్టే ఉండు. కడుపుతోని ఉన్నదానివి, ఎవరేమంటరు?"

 ఎదుటి గది నుంచి దగ్గు వస్తూనే ఉంది. పొడి దగ్గు, మధ్యలో ఊపిరి తెగినట్టు. నాలో దయ పొంగిందని చెబితే అబద్ధం. నాకు ఆ గదిలోకి పోవాలనిపించింది. ఇన్ని రోజులు బయట నుంచి చూసిన ఆ గదిలోకి.

మర్నాడు పొద్దున్నే అమ్మను ఉప్పల్ తీసుకుపోయాను. మచ్చను నమ్మి ఒకసారి మోసపోయాం. డాక్టరమ్మ నా తలలో మచ్చ చూసి ఊరుకోలేదు. అమ్మనే అడిగింది. "పొక్కులన్నీ ఒకేసారి లేచాయా, విడతలు విడతలుగా వచ్చాయా?"

"పాతవి ఎండుతుంటె కొత్తవి లేసినయమ్మా. ఈపు మీద ఎక్కువ, చేతుల కాళ్లకు తక్కువ. మశూచైతే నాకెర్కగాదా? మా తమ్ముడు దాంతోనే పాయె. అరచేతుల గూడ లేసినయ్ వానికి, అన్ని ఒక్క తీరుగ."

డాక్టరమ్మ తల ఊపింది. "ఇది ఆటలమ్మే. నీకు మళ్లీ రాదనే అనుకోవచ్చు. ఆయాసం పెరిగితే మాత్రం ఆగకుండా తీసుకురండి." పక్క గదిలోకి పోబోతూ ఆగి అంది. "వచ్చిపోయింది అంటాం కానీ అది పూర్తిగా పోదమ్మా. నరాల్లో పండుకుంటుంది. ఎప్పుడో ముసలితనంలో ఒంట్లో బలం తగ్గినప్పుడు సర్పి అనే మంటపొక్కులై లేస్తుంది."

గంజి గిన్నె పట్టుకుని గడప దాటగానే దానమ్మక్క దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

"రాకే! కడుపుతోని ఉన్నవ్, పిచ్చి లేసిందా నీకు!"

"నాకు రాదక్కా. చిన్నప్పుడే వచ్చిందట. అమ్మ నిన్ననే జెప్పింది. మేడం గూడ అడిగి సూసింది."

దుప్పటి మెల్లగా దిగింది. పాత గుంటల మధ్య కొత్త పొక్కులు. రెండు రోగాలు ఒకే ముఖం మీద పక్కపక్కన. 

"అంటే అప్పుడు గూడ నువ్వు లోపటికి రావొచ్చుండెనా?"

"ఆఁ."

నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక అంది, "మంచిగైంది. తెల్వకపాయె."

చేతిలో గిన్నె ఉంది. వేడిగా ఉంది. అక్కడే పెట్టేసి బయటికి పోదామనిపించింది. కూర్చున్నాను. చెంచాతో తాగించాను. నోట్లో పొక్కులున్నాయని ఉప్పు వేయలేదు.

"నీకు రాదని ఎవరు జెప్పిన్రక్కా?"

"ఎవరు జెప్పాలె? మా ఊళ్ల అందరనేటోళ్లు, నీ మొఖం సూస్తె ఇగ ఏ రోగమూ దగ్గరికి రాదని. నేనూ నమ్మిన." గంజి మింగింది. "ఆ ఇటుక మీద నువ్వు నిలవడ్డప్పుడల్లా నా కడుపు మండేది, ఎర్కేనా?"

"నేనేం జేసిన?"

"పోరి అంతసేపు నా చేతుల్నే ఉండేది. నీ అడుగుల సప్పుడు ఇనంగనే తల తిప్పేది. నువ్వింక కిటికి కాడికి రానేలేదు, అప్పుడే తిప్పేది."

నాకు అది తెలియదు. నేను ఇటుక ఎక్కేసరికి అది ఎప్పుడూ ఆమె చేతుల్లోనే కనిపించేది. ఆ తల తిప్పడం లోపలి మనిషికి మాత్రమే కనబడేది. ఆ చాప మీద కూర్చుని కిటికీ వైపు చూశాను. నాలుగు చువ్వలు, వాటి వెనుక తెల్లటి ఎండ. అంతే.

ఈస్టరు రోజు ఆశీర్వాదం, అమ్మ ప్రార్థనకు పోయారు. అప్పటికి దానమ్మక్క ఆయాసం తగ్గింది. దగ్గు కూడా వెనక్కి పోయింది. ఒళ్లంతా దురద మాత్రం భరించలేకపోతోంది. వేపరెమ్మతో నిమరబోయాను. గోకినట్టే అవుతోందని ఆమె మూలిగింది. గుమ్మంలో రూతు నిలబడి ఉంది. దానికి వచ్చిపోయింది, దాన్ని ఆపడానికి ఇప్పుడు ఏ కారణమూ లేదు. లోపలికి వచ్చింది. నా చేతిలో నుంచి రెమ్మ తీసుకుంది. చాప మీద మఠం వేసుకుని కూర్చుని, ఆకుల చివరలు మాత్రం తగిలేటట్టు దానమ్మక్క చెయ్యి నిమరసాగింది. సగం ప్రార్థన పాట, సగం సొంత మాటలు. దానమ్మక్క కళ్లు మూతలు పడ్డాయి.

నేనొక కొమ్మ అందుకుని రెండో చేతి వైపు జరిగాను.

"ష్," అంది రూతు, తల ఎత్తకుండా. "నువ్వు బయటికి పో అమ్మా. పెద్దమ్మకు నిద్రొస్తున్నది."

బయటికి వచ్చాను. ఎండ అప్పటికే కళ్లలో పొడుస్తోంది. దూరంగా ఏదో కంపెనీ పొగ, దాని పుల్లటి వాసన. గోడ పక్కన ఇటుక అలాగే ఉంది, దాన్ని ఎవరూ తీయలేదు. దాని మీదికి ఎక్కి, చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. రూతు తల తిప్పుతుందేమోనని చూశాను.